గరాజ్ తలుపు కింద రెండు కళ్ళు

పోయిన వేసవిలో మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఐదు నెలలు మా దగ్గరున్నారు. మేముండేది డాలస్ శివార్లలో. సాయంత్రం ఎండ తగ్గాక గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తించి, అందులో కుర్చీ వేసుకుని, వీధిలో వచ్చేపోయే వాళ్ళని చూస్తూ కూర్చోవడం ఆవిడకి అలవాటైంది. ఇక్కడి ఇళ్ళకి అరుగులు ఉండవు కదా, ఆ లోటు గరాజ్ తీర్చింది. పిల్లలిద్దరూ ఆవిడ ఎదురుగానే సైకిళ్ళు తొక్కుకునేవాళ్ళు.

ఒకరోజు చీకటి పడుతుంటే లేచి లోపలికి వచ్చేశాం. నేను గోడమీద బటన్ నొక్కాను. తలుపు సగం దిగిందో లేదో, మా పెద్దాడు బయటి నుంచి పరుగెత్తుకొచ్చి వంగి లోపలికి దూకేశాడు. వాడి వెనకే చిన్నది. ఆరేళ్ళ పిల్ల, తలుపు అంచు జడకి తగిలిందేమో అన్నంత దగ్గరగా దూరింది. ఇద్దరూ పకపకా నవ్వుతున్నారు. అది వాళ్ళకి రోజూ ఉన్న ఆటేనట!

"ఆ ఇనప తలుపు కింద ఆటలేమిటర్రా! అమ్మాయ్, నువ్వు చూస్తూ ఊరుకున్నావేం?" అన్నారు అత్తగారు.

"భయం లేదత్తయ్యా, కింద రెండు పక్కలా సెన్సర్లు ఉంటాయి. ఎవరైనా అడ్డొస్తే తలుపు దానంతటదే ఆగి పైకి లేస్తుంది" అన్నాను, పెద్ద తెలిసినదానిలా.

"సినిమాలకే సెన్సారు అనుకున్నాను, తలుపులకి కూడానా?" అని నవ్వారు. మరుక్షణమే ఆ నవ్వు ఆగిపోయింది. "మరి ఇప్పుడు ఇద్దరు దూరారు కదే, అది లేవలేదేం?"

నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. రోజుకి నాలుగైదు సార్లు ఆ బటన్ నొక్కుతున్నాను. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

టార్చ్ తెచ్చి తలుపుకి రెండు పక్కలా నేల దగ్గర చూశాను. సెన్సర్లు ఉండాల్సిన చోట రెండు ఖాళీ రేకు ముక్కలున్నాయి. మావారు నిచ్చెన వేసి పైకెక్కి చూస్తే, ఆ రెండు సెన్సర్లూ సీలింగ్‌కి వేలాడే మోటార్ మీద, ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ, టేపు చుట్టి ఉన్నాయి. మాకు ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళో, వాళ్ళు పిలిచిన రిపేర్ మనిషో చేసిన పని. ఇల్లు కొనేటప్పుడు తనిఖీకి వచ్చినాయన ఇచ్చిన రిపోర్టులో గరాజ్ తలుపు ఎదురుగా 'పనిచేస్తోంది' అని ఒక టిక్కు. పనిచేస్తోంది, నిజమే. కళ్ళు లేకుండా పనిచేస్తోంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ రెండు కళ్ళు అసలెందుకు పుట్టాయి, ఎవరు పెట్టించారు అని చదవడం మొదలుపెట్టాను. చదివినది మీతో కూడా చెప్పాలనిపించింది. ఎందుకంటే మనలో చాలామందికి ఇంటి ముందు తలుపు కంటే గరాజ్ తలుపే అసలు గుమ్మం. పిల్లలు బడికి వెళ్ళేదీ, వచ్చేదీ దాని కిందుగానే.

తలుపు పైకి లేచిన రోజులు

కార్లు కొత్తగా వచ్చినప్పుడు వాటిని గుర్రపు బగ్గీలు పెట్టుకునే కొట్టాల్లోనే పెట్టేవాళ్ళు. ఆ కొట్టాలకి బయటికి తెరుచుకునే రెండు పెద్ద రెక్కల తలుపులు. మంచు పడితే ఆ రెక్కలు కదిలేవి కావు, ముందు పారతో మంచంతా తవ్వాలి. 1921లో సి.జి. జాన్సన్ అనే ఆయన అడ్డ పలకలుగా మడిచి పైకి ఎత్తే తలుపు కనిపెట్టాడు. 1926లో దాన్ని ఎత్తడానికి కరెంటు మోటార్ కూడా తయారుచేశాడు, బరువు ఎత్తలేని వాళ్ళ కోసమని. 1950లలో రేడియో రిమోట్లు మార్కెట్లోకి వచ్చాయి. కారులోంచి దిగకుండానే తలుపు తెరుచుకోవడం అప్పట్లో గొప్పింటి ముచ్చట. తర్వాత అమెరికాలో ఊళ్ళ చుట్టూ కొత్త కాలనీలు వెలిసి, ఇంటికి ఆనుకునే గరాజ్ కట్టడం మొదలయ్యాక ఆ ముచ్చట మామూలు సంసారాలకీ వచ్చింది.

ఇక్కడొక సంగతి మనం తెలుసుకుని ఉండాలి. రెండు కార్లు పట్టే తలుపు, రకాన్ని బట్టి 60, 70 కిలోల నుంచి ఆ పైన ఎంతైనా ఉంటుంది. అంత బరువుని ఎత్తేది మోటార్ కాదు, తలుపు పైన అడ్డంగా ఉండే బలమైన స్ప్రింగులు. బావి గిలకకి అవతల వైపు ఇంకో బరువు కట్టినట్టు, తలుపు బరువుని ఆ స్ప్రింగులు మోస్తాయి. మోటార్ కాస్త లాగుతుంది, కాస్త తోస్తుంది, అంతే. స్ప్రింగులు బాగున్నంతకాలం అంత పెద్ద తలుపూ చేత్తో ఎత్తేంత తేలిక. అవి సడలిపోయినా, విరిగినా ఆ బరువంతా ఒక్కసారి నిజమైపోతుంది. ఆ మోటార్‌కి తన కింద ఉన్నది నేలో, బొమ్మో, పిల్లాడో తెలియదు.

మొదటి కన్ను ఒక హోటల్లో

వెలుతురు తగిలితే కరెంటు పుట్టడం, లేదా కరెంటు నడకలో మార్పు రావడం పందొమ్మిదో శతాబ్దంలోనే శాస్త్రజ్ఞులు గమనించారు. అందులో ఒక భాగం ఎందుకు జరుగుతుందో 1905లో ఐన్‌స్టీన్ వివరించాడు. ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది ముఖ్యంగా దానికే. మనందరం సాపేక్ష సిద్ధాంతానికి అనుకుంటాం.

ఆ శాస్త్రం తలుపు దాకా వచ్చింది ఒక హోటల్ వంటింట్లో. 1931లో కనెక్టికట్ రాష్ట్రం వెస్ట్ హేవెన్‌లో విల్కాక్స్ పియర్ అనే రెస్టారెంట్ వాళ్ళు వంటింటికీ భోజనాల గదికీ నడుమ ఒక కొత్త రకం తలుపు పెట్టించారు. స్టాన్లీ కంపెనీలో పనిచేసే హొరేస్ రేమండ్, షెల్డన్ రోబీ దాన్ని తయారుచేశారు. రెండు చేతుల్లో పళ్ళేలు పట్టుకుని వచ్చే వెయిట్రెస్‌లు తలుపుని కాలితోనో భుజంతోనో తోయక్కర్లేదు. వాళ్ళ నడకకి వెలుతురు గీత తెగగానే తలుపు తెరుచుకునేది. దాని ఖరీదు 100 డాలర్లు.

ఈ ముక్క చదివినప్పుడు నాకు భలే సంతోషమేసింది. రెండు చేతులా గిన్నెలు పట్టుకుని, మోకాలితో తలుపు తోసుకుంటూ వచ్చిన ఆడదాని కష్టం మనకి తెలియనిదా! వెలుతురుతో మనిషి రాకని పసిగట్టే తలుపు మొదట మేలు చేసింది అలాంటి ఆడవాళ్ళకే.

కానీ చూడండి, 1931 నాటికే మనిషి అడ్డొచ్చిన సంగతి తెలుసుకునే తలుపు ఉంది. అదే కన్ను గరాజ్ తలుపు కిందికి తప్పనిసరిగా రావడానికి ఇంకా అరవై ఏళ్ళకి పైగా పట్టింది. ఆ అరవై ఏళ్ళూ తలుపులు గుడ్డిగానే దిగాయి.

తగిలితేనే తెలిసే తలుపు

పూర్తిగా ఏ రక్షణా లేదని కాదు. మోటార్‌కి ఏదైనా గట్టిగా అడ్డు తగిలితే తలుపు ఆగే ఏర్పాటు ఉండేది. పాత మోటార్లలో కొన్ని ఆగేవి, అంతే. పైకి లేచేవి కావు. అంటే కింద ఎవరున్నా వాళ్ళమీద అలాగే ఆనుకుని ఉండిపోయేది. తర్వాతి వాటిలో ఆగి, వెనక్కి లేచే ఏర్పాటు వచ్చింది. తలుపు అడ్డు తగిలిన రెండు సెకన్లలోపు తిరిగి లేవాలని ప్రమాణం పెట్టారు. అప్పట్లో ఇలాంటి ప్రమాణాలు రాసింది అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ అనే సంస్థ. కరెంటు సామాన్ల మీద గుండ్రటి గీతలో 'యూఎల్' అన్న గుర్తు చూసే ఉంటారు, వాళ్ళే. 1894 నుంచి ఉన్నారు. గరాజ్ తలుపుల మోటార్లకి వాళ్ళు పెట్టిన ప్రమాణం పేరు యూఎల్ 325.

కాగితం మీద బాగానే ఉంది. ఇళ్ళలోనే తేడా వచ్చింది. తలుపుకి ఎంత అడ్డు తగిలితే మోటార్ వెనక్కి తగ్గాలో నిర్ణయించే చిన్న మర ఒకటి ఉంటుంది. చలికి పట్టాలు బిగుసుకుపోయి తలుపు సరిగ్గా దిగకపోతే, ఇంటాయన ఆ మరని కాస్త తిప్పి మోటార్ జోరు పెంచేవాడు. తలుపు చక్కగా దిగేది. కానీ అదే తిప్పుతో, పిల్లాడు అడ్డొచ్చినా వెనక్కి తగ్గే గుణం కూడా పోయేది. స్ప్రింగులు పాతబడినా, పట్టాలు వంగినా అంతే. పైగా పిల్లల ఒళ్ళు మెత్తన. చెక్క దిమ్మ తగిలినట్టు మోటార్‌కి గట్టిగా తగలదు.

ఫలితం ఏమిటో అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల వస్తు భద్రతా సంఘం లెక్కల్లో ఉంది. 1982 మార్చి నుంచి తర్వాతి కొన్నేళ్ళలో వాళ్ళకి అందిన సమాచారం ప్రకారం 2 నుంచి 14 ఏళ్ళ మధ్య పిల్లలు సుమారు 60 మంది మోటార్ తలుపుల కింద చిక్కుకుని చనిపోయారు. సగటున ఏడాదికి నలుగురు. మెదడు దెబ్బతిని బతికిన పిల్లలు వేరే. దేశం మొత్తం మీద నలుగురే కదా అని ఎవరైనా అనవచ్చు. కానీ ఆ నలుగురూ రోడ్డు మీద పోలేదు, చెరువులో పోలేదు. సొంత ఇంటి తలుపు కింద, అమ్మ లోపల వంట చేస్తుండగా పోయారు. కొందరు మా పిల్లల్లాగే ఆడుకుంటూ ఉండి ఉంటారు. ఆ పేరాని నేను రెండోసారి చదవలేకపోయాను.

చట్టం ఏం చెప్పింది

1990 నవంబర్ 16న అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత మీద ఒక చట్టం వచ్చింది. అధ్యక్షుడు పెద్ద బుష్ సంతకం చేశాడు. అందులో ఒక భాగం పూర్తిగా గరాజ్ తలుపుల మోటార్ల గురించే. ఇళ్ళకి వాడే మోటార్లు పిల్లలు చిక్కుకోకుండా కాపాడే ప్రమాణాలు పాటించి తీరాలంది. దాని ప్రకారం 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి మోటార్‌కీ, తగిలితే వెనక్కి లేచే పాత ఏర్పాటుతో పాటు, దానితో సంబంధం లేని రెండో రక్షణ కూడా ఉండాలి. నేల దగ్గర వెలుతురు కన్ను పెట్టవచ్చు. తలుపు అంచుకి తాకిడి తెలిసే పట్టీ వేయవచ్చు. అదీ కాకపోతే బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే తలుపు దిగేలా చేయవచ్చు. తయారీదారులు ఎక్కువగా వెలుతురు కన్నునే ఎంచుకున్నారు. మిన్నెసోటా, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు ఈ విషయంలో సొంత చట్టాలు కూడా చేశాయి.

అప్పటిదాకా తలుపు పిల్లాడిని తాకాక తెలుసుకునేది. ఇప్పుడు తాకకముందే తెలుసుకోవాలి. ఒక పక్కనున్న సెన్సర్ మన కంటికి కనపడని పరారుణ కిరణాన్ని పంపుతుంది, ఎదుటిది అందుకుంటుంది. తలుపు దిగుతున్నప్పుడు నడుమ ఆ కిరణం తెగితే తలుపు ఆగి పైకి పోతుంది. నేల నుంచి 6 అంగుళాల ఎత్తు దాటకుండా వాటిని బిగించాలని చెప్పడానికి కారణం, పాకే పసివాడు కూడా ఆ గీతని దాటకుండా లోపలికి రాకూడదని.

నాకు అన్నిటికంటే నచ్చిన తెలివి ఇంకోటుంది. ఆ కన్ను ఉందా, చూస్తోందా అని మోటార్ తలుపు వేసే ప్రతిసారీ సరిచూసుకోవాలి. తీగ తెగినా, కన్ను పక్కకి తిరిగినా, అద్దం మీద మట్టి పట్టినా, రిమోట్ నొక్కితే తలుపు దిగదు. అనుమానం వస్తే మూసుకోవడం మానేస్తుంది. గోడ బటన్‌ని చివరిదాకా నొక్కి పట్టుకుంటేనే దిగుతుంది, ఎందుకంటే అప్పుడు మనిషి అక్కడే నిలబడి కళ్ళతో చూస్తున్నట్టు లెక్క.

పిల్లల ప్రాణాల కోసం ఇంటి తలుపు మీద చట్టం చేయడం అమెరికాకి అదే మొదలు కాదు. పాత ఫ్రిజ్‌లకి బయట గడియ పడేది. దాగుడుమూతల్లో లోపల దూరిన పిల్లలు బయటికి రాలేక ఊపిరాడక చనిపోయేవాళ్ళు. 1956లో చట్టం చేసి, 1958 అక్టోబర్ 30 తర్వాత తయారయ్యే ప్రతి ఇంటి ఫ్రిజ్ తలుపూ లోపలి నుంచి తోస్తే తెరుచుకోవాలన్నారు. ఇవాళ మన ఫ్రిజ్ తలుపు అయస్కాంతం పట్టీతో మూసుకుంటుంది. మనం దాని గురించి ఆలోచించను కూడా ఆలోచించం. పిల్లలకి 'లోపల దూరకండి' అని చెప్పడం మీదే ఆధారపడలేదు, తలుపునే మార్చారు. పిల్లలు పిల్లల్లాగే ఉంటారని ఒప్పుకున్న చట్టాలు ఇవి రెండూ.

అయితే ఫ్రిజ్ అయస్కాంతానికీ, గరాజ్ కన్నుకీ ఒక తేడా ఉంది. అయస్కాంతాన్ని మనం పాడుచేయాలన్నా చేయం. కన్నుని మాత్రం ఇంట్లో వాళ్ళే మోసం చేయగలరు.

మనమే ఎందుకు మోసం చేస్తాం

మా ఇంట్లో ఆ టేపు ఎవరు చుట్టారో తెలియదు గానీ, ఎందుకు చుట్టారో వారం తిరగకుండానే అర్థమైంది. మావారు రెండు సెన్సర్లనీ కిందికి దింపి వాటి చోట్లో బిగించారు. నాలుగు రోజులు బాగుంది. ఐదో రోజు సాయంత్రం తలుపు సగం దిగి మళ్ళీ లేచిపోయింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే, మోటార్ మీద లైటు టపటపా కొట్టుకోవడం. పిల్లని సంగీతం క్లాసుకి దింపాలి, అప్పటికే ఆలస్యం. ఆ క్షణంలో నాక్కూడా ఆ సెన్సర్లని పీకి అవతల పారేయాలనిపించింది, నిజం చెబుతున్నాను.

సంగతేమిటంటే, మా గరాజ్ పడమటి ముఖం. సాయంత్రం ఎండ ఏటవాలుగా వచ్చి కిరణాన్ని అందుకునే కంట్లో సూటిగా పడుతోంది. ఎదురెండలో మన కళ్ళు బైర్లు కమ్మినట్టే దానికీ. పాత ఇంటివాళ్ళు ఇదే గోల పడలేక పైన కట్టేసి ఉంటారు. సీలింగ్ దగ్గర ఎండ పడదు, సాలెగూడు అడ్డం రాదు, చెత్త డబ్బా తగలదు. రెండు కళ్ళూ ఒకదాన్నొకటి చూసుకుంటూ 'అడ్డేమీ లేదు, అడ్డేమీ లేదు' అని మోటార్‌కి రోజంతా చెబుతుంటాయి. చట్టం పెట్టిన ఆ కాపలా అంతా ఒక్క టేపు ముక్కకి లొంగిపోయింది.

వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. బహుశా ఇంట్లో చిన్నపిల్లలు లేరేమో. కానీ ఇల్లు చేతులు మారింది. ఆ టేపు మాత్రం అక్కడే ఉండిపోయి, మా పిల్లల తలల మీద రెండేళ్ళు వేలాడింది.

చివరికి ఒక టెక్నీషియన్ వచ్చి, కిరణాన్ని పంపే కన్నునీ అందుకునే కన్నునీ అటుదిటు మార్చాడు. ఇప్పుడు అందుకునేది ఎండ సూటిగా పడని వైపు ఉంది. అరగంట పని. ఆ అరగంట బదులు టేపు చుట్టుకున్నారు.

నెలకోసారి పది నిమిషాలు

మోటార్‌తో వచ్చే పుస్తకంలో నెలకోసారి పరీక్ష చేసుకోమని రాసి ఉంటుంది. మనలో ఆ పుస్తకం తెరిచినవాళ్ళెవరు చెప్పండి? నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను, వీలైతే ఈ ఆదివారమే చూసుకోండి.

ముందు నేల దగ్గర సెన్సర్లు రెండూ ఉన్నాయా, 6 అంగుళాలకి మించని ఎత్తులో ఎదురెదురుగా ఉన్నాయా చూడండి. రెండింటికీ చిన్న లైట్లుంటాయి, అవి మినుకుమినుకుమనకుండా నిలకడగా వెలగాలి. మెత్తటి పొడి గుడ్డతో వాటి అద్దాలు తుడవండి. ఇక్కడ సాలీళ్ళకి ఆ మూల మహా ఇష్టం. చెత్త డబ్బా, సైకిలు, చీపురు తగిలి కన్ను కాస్త పక్కకి తిరిగి ఉంటే, వెనకున్న మరని వదులు చేసి, లైటు నిలకడగా వెలిగేదాకా మెల్లగా తిప్పి బిగించవచ్చు. ఇందులో భయపడేదేం లేదు.

తర్వాత తలుపు దిగుతుండగా చీపురు కర్రని ఆ కిరణానికి అడ్డం పెట్టండి. తలుపు ఆగి పైకి పోవాలి. పిల్లల చేత చెయ్యో కాలో పెట్టించి మాత్రం చూడకండి. కిరణం తలుపు దగ్గర నేలకి దగ్గరగా ఒకే ఒక్క గీత. మొత్తం గుమ్మానికి గోడ కాదు. కారు తలుపు కింద సగంలో ఆగితే, చక్రాల నడుమ నుంచి కిరణం దూరిపోవచ్చు కూడా. అందుకే పాత ఏర్పాటునీ పరీక్షించాలి. తలుపు పడే చోట నడుమన ఒక చెక్కని పడుకోబెట్టండి, ఇక్కడ టూ-బై-ఫోర్ అంటారే, ఒకటిన్నర అంగుళం మందం ఉంటుంది, అది. తలుపు దానికి తగలగానే వెనక్కి లేవాలి. లేవకపోతే ఆ రోజు నుంచి మోటార్ వాడకండి, మనిషిని పిలవండి.

మూడోది, తలుపు మూసి ఉన్నప్పుడు ఎర్ర తాడు లాగి మోటార్‌ని విడదీసి, చేత్తో సగం దాకా ఎత్తి వదిలి చూడటం. స్ప్రింగులు బాగుంటే తలుపు అక్కడే నిలబడుతుంది. తలుపు తెరిచి ఉన్నప్పుడు మాత్రం ఆ తాడు లాగకండి, స్ప్రింగు విరిగి ఉంటే తలుపు ఒక్కసారి పడుతుంది. ఈ పరీక్ష ఇంకో పెద్దవాళ్ళు తోడుండగా, పిల్లల్ని లోపలికి పంపి చేయండి. నిలవకపోతే స్ప్రింగులకి మీరు గానీ, మీవారు గానీ చెయ్యి పెట్టొద్దు. వాటిలో బిగించి ఉన్న బలం చేతులు విరిచేస్తుంది. అది నేర్చినవాళ్ళ పని.

గోడ బటన్ నేల నుంచి కనీసం 5 అడుగుల ఎత్తున, చిన్నపిల్లలకి అందకుండా ఉండాలి. రిమోట్ ఆటబొమ్మ కాదు. ఫోన్‌లోంచి ఎక్కడో ఆఫీసులో కూర్చుని తలుపు మూసే సదుపాయం ఉంటే, మూసే ముందు అక్కడ బీప్ మోత, లైటు మెరుపు వస్తాయి. అవి వచ్చినప్పుడు దూరంగా జరగాలని పిల్లలకి చెప్పి ఉంచండి. ఇంకొకటి, మీ మోటార్ 1993కి ముందుదైతే, సెన్సర్ల ఏర్పాటే లేకపోతే, దానికి అతుకులు వేయకండి. మార్చేయండి. కొత్త ఇంట్లోకి దిగేటప్పుడు పాలు పొంగించిన రోజునే సీలింగ్ మోటార్ మీదికి కూడా ఓసారి టార్చ్ వేసి చూడండి.

మా ఇంట్లో ఇప్పుడు

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఇడ్లీలు తిన్నాక మా ఇంట్లో 'తలుపు పరీక్ష'. కళ్ళు తుడిచే పని చిన్నదానిది. చెక్క తెచ్చి పెట్టేది పెద్దాడు, బటన్ నొక్కేది నేను. పరీక్షలు అయ్యేదాకా ఇద్దరూ నా వెనక నిలబడాలి. పరుగు పందెం ఆటకి మాత్రం పూర్తిగా సెలవు. సెన్సర్లు ఉన్నాయి కాబట్టి ఆడుకోవచ్చు కదా అని పెద్దాడు వాదించాడు. ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందని ఎవరూ అందులో కూర్చోరు కదరా అన్నాను. కాసేపు ఆలోచించి సరే అన్నాడు.

అత్తగారు అక్టోబర్‌లో వెళ్ళిపోయారు. పోయిన వారం వీడియో కాల్‌లో మాట్లాడుతూ, హైదరాబాద్‌లో మా ఆడపడుచు వాళ్ళ కొత్త అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఎక్కిన కబురు చెప్పారు. తలుపులు మూసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టబోయిన మనవణ్ణి ఆపి, ముందు తన చేతికర్రని అడ్డం పెట్టి చూశారట. తలుపులు వెనక్కి వెళ్ళాయట. "దీనికి కళ్ళు ఉన్నాయే అమ్మాయ్" అన్నారు.

ఆవిడ ఆ రోజు ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే నేను ఇవాళ్టికీ అదే బటన్ నొక్కుతూ, 'సెన్సర్లు ఉన్నాయిలే' అనుకుంటూ ఉండేదాన్ని. ఈసారి మీ తలుపు దిగుతున్నప్పుడు మీరూ కాస్త వంగి, ఆ రెండు చిన్న లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి.